ఆప్టిమస్ ప్రైమ్ కొనాలా? ఏ వెర్షన్ ఎవరి చేతికి సరిపోతుంది

ట్రాన్స్‌ఫార్మర్స్ కథల్లో ట్రక్కుగా మారే రోబో ఆప్టిమస్ ప్రైమ్. ఆ బొమ్మ కోసం ఆన్‌లైన్‌లో వెతికితే ముందు కళ్ళు తిరుగుతాయి. అన్నీ ఎరుపు, నీలం రంగులే. అన్నిటికీ అదే ముఖం, అదే ఛాతీ మీద రెండు కిటికీలు. ధర మాత్రం కొన్ని వందల రూపాయల దగ్గర మొదలై యాభై వేలు దాటిపోతుంది. ఫొటోలు చూసి తేడా పట్టుకోవడం కష్టం. రివ్యూలు చదివితే ఒకరు ఎంపీ-10 (ఎంపీ అంటే మాస్టర్‌పీస్ వరస) అంటారు, ఇంకొకరు ఎర్త్‌రైజ్ అంటారు, మూడో ఆయన 1984 నాటి పాతదే అసలైనదంటారు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు, కాకపోతే ఎవరి అవసరం వాళ్ళది.

ఏది కొనాలని నన్ను అడిగినవాళ్ళని నేను ముందు అడిగేది బడ్జెట్ కాదు. ట్రక్కుని రోబోగా, రోబోని ట్రక్కుగా మార్చేది ఎవరు, ఎంత తరచుగా మారుస్తారు? ఈ బొమ్మ ప్రాణమంతా ఆ మార్పులోనే ఉంది. ఎంత అందంగా ఉన్నా, మార్చడానికి భయపడి అల్మారాలో పెట్టేస్తే అది మామూలు విగ్రహం కింద లెక్క. కాబట్టి చేయి ఆడే వెర్షన్ కొనండి. కింద చెప్పేదంతా ఆ కొలతతోనే చెబుతున్నాను.

ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

మొదటిది, మార్చడానికి పట్టే శ్రమ. కొన్ని ఒక్క లాగుడుతో మారిపోతాయి. కొన్నిటికి ఇన్‌స్ట్రక్షన్ కాగితం పక్కన పెట్టుకుని కూర్చోవాలి.

రెండోది, కీళ్ళు. మోచేయి వంగుతుందా, నడుము తిరుగుతుందా, మోకాలి మీద కూర్చోబెట్టొచ్చా? ఆడుకునే పిల్లలకైనా, పోజులు పెట్టి ఫొటోలు తీసే పెద్దలకైనా ఇది ముఖ్యం. చిత్రంగా ఈ రెండు కొలతలూ ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటాయి. రోబో మనిషిలా కదలాలంటే ముక్కలు పెరుగుతాయి, ముక్కలు పెరిగితే మార్పు కష్టమవుతుంది.

మూడోది ట్రైలర్. ఇది చాలామంది కొన్న తర్వాత గమనిస్తారు. 'వాయేజర్' అనే మధ్య సైజు బొమ్మల్లో సాధారణంగా ముందు ఉండే క్యాబ్ మాత్రమే వస్తుంది, వెనక ఆ పొడవాటి వెండిరంగు ట్రైలర్ రాదు. మనసులో ఉన్న ఆప్టిమస్‌కి ట్రైలర్ ఉంటే, డబ్బాలో కూడా ఉందో లేదో చూసుకోవాలి.

నాలుగోది, మీకు ఏ ఆప్టిమస్ కావాలి? 1984 కార్టూన్‌లో ముక్కు లేని చదునైన ట్రక్కా, లేక 2007 సినిమాలో మంటల బొమ్మలు గీసిన పొడుగు ముక్కు పీటర్‌బిల్ట్ 379 ట్రక్కా? ఈ రెండూ వేరే వేరే వంశాలు. ఒకదాని కోసం ఆశపడినవాళ్ళకి రెండోది ఎంత మంచిదైనా నచ్చదు.

1984 అచ్చు: ఒరిజినల్, రీఇష్యూలు, మిస్సింగ్ లింక్

హాస్బ్రో 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ మొదలుపెట్టినప్పుడు అచ్చులు కొత్తగా చేయించలేదు. జపాన్‌లో టకారా కంపెనీ అప్పటికే డయాక్లోన్ పేరుతో అమ్ముతున్న బొమ్మలని తీసుకుంది. 1983లో 'బాటిల్ కాన్వాయ్' అని వచ్చిన ట్రక్కే మన ఆప్టిమస్ ప్రైమ్. జపాన్‌లో ఇప్పటికీ ఈ బొమ్మ కాన్వాయ్ పేరుతోనే వస్తుంది. అందుకే జపాన్ డబ్బాల మీద ఆప్టిమస్ అనే మాట కనబడకపోతే కంగారుపడకండి.

ఆ డయాక్లోన్ జాడ ఒకటి ఈ బొమ్మలో మిగిలిపోయింది. ట్రైలర్ తెరిస్తే లోపల కదిలే యంత్రం ఒకటి ఉంటుంది. దాని మూత ఎత్తి చూడండి, ఒక మనిషి కూర్చునేంత బుల్లి సీటు కనబడుతుంది. కార్టూన్ కథలో దానికి పెద్ద పనేమీ లేదు. డయాక్లోన్‌లో ఆ సీట్లో కూర్చోవడానికి చిన్న పైలట్ బొమ్మలుండేవి. పైలట్లు పోయారు, సీటు ఉండిపోయింది.

మార్చడం ఎంత సులువంటే, ఒకసారి చూసిన పిల్లవాడు రెండోసారి తనే చేసేస్తాడు. క్యాబ్ వెనకభాగం కాళ్ళవుతుంది, పక్కల నుంచి చేతులు బయటికొస్తాయి, లోపలి నుంచి తల పైకి లేస్తుంది. చివర్లో పిడికిళ్ళు తెచ్చి చేతుల చివర గుచ్చాలి. ఆ పిడికిళ్ళే దీని బలహీనత. విడిగా వచ్చే ముక్కలు, గోరంత సైజు. పాత బొమ్మల్లో ముందు మాయమయ్యేవి ఇవే. ఇక కదలిక సంగతికొస్తే, నడుము తిరగదు, కాళ్ళతో పోజు పెట్టే వీలు దాదాపు లేదు. నిటారుగా నిలబడటం ఒక్కటే దానికి తెలుసు. మెటల్ భాగాల వల్ల చేతిలో పడగానే ఆ బరువు తెలుస్తుంది, చల్లదనం కూడా తెలుస్తుంది. ప్లాస్టిక్ వెర్షన్లలో ఆ స్పర్శ దొరకదు.

1984 నాటి అసలు ముక్కలు కలెక్టర్ల ధర పలుకుతాయి. ఆ అచ్చుని కంపెనీలు చాలాసార్లు మళ్ళీ విడుదల చేశాయి, కాబట్టి కేవలం ఆ రూపం కావాలంటే రీఇష్యూ చాలు. ఇంకో దారి కూడా వచ్చింది. టకారా (ఇప్పుడు టకారా టోమీ) 2024లో 'మిస్సింగ్ లింక్' అని ఒక వరస మొదలుపెట్టింది. చూడటానికి అచ్చం 1984 బొమ్మే, మార్చే పద్ధతీ దాదాపు అదే, కానీ కీళ్ళన్నీ కొత్తవి. సీ-01కి ట్రైలర్ ఉంది, సీ-02కి లేదు. చిన్నప్పుడు ఈ బొమ్మని టీవీలోనో పక్కింటివాళ్ళ దగ్గరో చూసి ఆశపడ్డ తరానికి నా సలహా ఇదే. పాతదాని రూపం ఉంటుంది, పాతదాని బిగుసుకుపోయిన ఒళ్ళు ఉండదు.

ఎర్త్‌రైజ్ లీడర్ క్లాస్: ఎక్కువమందికి సరిపోయేది

2020లో హాస్బ్రో తెచ్చిన ఎర్త్‌రైజ్ వరసలోని లీడర్ క్లాస్ (వాయేజర్ కంటే పై సైజు) ఆప్టిమస్ ఎత్తు సుమారు 17.5 సెంటీమీటర్లు. ట్రైలర్‌తో పాటు వస్తుంది. ఆ ట్రైలర్ విప్పితే స్థావరంలా పరుచుకుంటుంది. అమెరికాలో విడుదల ధర 50 డాలర్ల లోపు.

ఈ వెర్షన్‌ని నేను గట్టిగా సమర్థిస్తాను. నడుము తిరుగుతుంది, మోచేతులూ మోకాళ్ళూ వంగుతాయి, తుపాకీ రెండు చేతులతో పట్టించొచ్చు. మార్చడానికి మొదటిసారి కాస్త తికమక పడినా, నాలుగైదు సార్లకి చేయి అలవాటు పడిపోతుంది. ఫోన్ మాట్లాడుతూ కూడా మార్చేయొచ్చు. కలెక్టర్ల కోసం చేసే ఖరీదైన మాస్టర్‌పీస్ బొమ్మని ఎవరూ అలా మార్చరు. పెయింట్, మెటల్ పనితనం దగ్గర ఖర్చు తగ్గించారు, అది చూడగానే తెలుస్తుంది. కానీ కింద పడితే గుండె ఆగిపోయేంత ధర కాదు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలున్న ఇంట్లో తండ్రీ కొడుకులిద్దరూ ఒకే బొమ్మతో ఆడుకోవాలంటే ఇదే.

ఈ అచ్చు తర్వాత వేరే రంగుల్లో, వేరే పేర్లతో కూడా వచ్చింది. ఎర్త్‌రైజ్ డబ్బా దొరకకపోతే, ఆ అచ్చుతోనే వచ్చినవాటిల్లో ట్రైలర్ ఉన్నది ఏదో చూసుకోండి.

మాస్టర్‌పీస్: ఒకే పేరుతో మూడు స్వభావాలు

ఎక్కువ డబ్బు తప్పుగా ఖర్చయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మాస్టర్‌పీస్ అనగానే ఒకటే అనుకుంటారు. ముఖ్యంగా మూడున్నాయి, మూడూ వేరే మనుషులకి.

ఎంపీ-1 2003 చివర్లో వచ్చింది. ఈ వరస మొదలైందే దీనితో. సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు, లోపల బోలెడు మెటల్. ఒక చేత్తో ఎత్తితే మణికట్టుకి బరువు తెలుస్తుంది. ఛాతీ తెరిస్తే లోపల మాట్రిక్స్, అంటే కథలో ఆప్టిమస్ ఛాతీలో మోసే శక్తి వస్తువు, ఉంటుంది. మొదట ట్రైలర్ లేకుండా వచ్చింది. తర్వాత ఎంపీ-4 పేరుతో ట్రైలర్ కలిపి అమ్మారు. 2004లో హాస్బ్రో అమెరికాలో అమ్మిన వెర్షన్‌లో భుజాల మీది పొగ గొట్టాలు పొట్టిగా ఉంటాయి. అక్కడి భద్రతా నిబంధనల కోసం కోసేశారు. సెకండ్ హ్యాండ్‌లో ఎంపీ-1 అని అమ్ముతుంటే ముందు ఆ గొట్టాలు చూడండి. పొట్టిగా ఉంటే అది జపాన్ ముక్క కాదు, దానికి జపాన్ ధర ఇవ్వక్కర్లేదు.

ఎంపీ-10 2011లో వచ్చింది. ఎత్తు సుమారు 25 సెంటీమీటర్లకి తగ్గింది, బరువు తగ్గింది, అన్ని కీళ్ళూ బాగుపడ్డాయి. ట్రైలర్, రోలర్ అనే చిన్న బండి, మాట్రిక్స్, కార్టూన్‌లో చేతి నుంచి వచ్చే ఆ నారింజరంగు గొడ్డలి, వేలెడంత కూడా లేని స్పైక్ (కార్టూన్‌లో రోబోల స్నేహితుడైన కుర్రాడు) బొమ్మ, అన్నీ డబ్బాలోనే. దీని తర్వాత వచ్చిన మాస్టర్‌పీస్ కార్లు దీని కొలతకి సరిపోయేలా వచ్చాయి. అంటే రేపు కార్లుగా మారే బంబుల్‌బీ, సైడ్‌స్వైప్ రోబోలు కొని పక్కన నిలబెడితే సైజులు పొసుగుతాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా కలెక్టర్లు దీని పేరు వదలకపోవడానికి కారణం ఒక్కటే: వివరం కావాల్సినంత ఉంది, మార్చడం మాత్రం ఇంకా సరదాగానే ఉంది. ట్రక్కుగా చూస్తే నిజం ట్రక్కులా ఉంటుంది, రోబోగా చూస్తే వెనక వేలాడే ముక్కలు లేవు. రెండిటికీ సమానంగా న్యాయం చేసిన ఆప్టిమస్ ఇదేనని నా నమ్మకం.

ఎంపీ-44 2019లో వచ్చింది. దీని లక్ష్యం కార్టూన్‌లో కనబడిన ఆప్టిమస్‌ని తెర మీది నుంచి ఎత్తి తెచ్చినట్టు నిలబెట్టడం. ఆ పని అద్భుతంగా చేసింది. రోబో రూపంలో దీని ముందు ఎంపీ-10 కూడా పాతబడిపోయినట్టు కనబడుతుంది. కానీ ఆ నునుపు కోసం ట్రక్కు భాగాలన్నీ చిన్న చిన్న పలకలుగా విడిపోయి, మడతలు పడి, ఒకదాని కింద ఒకటి దూరాలి. వరస తప్పితే ఒక పలక అంచు ఇంకోదానికి తగులుతుంది, రంగు గీసుకుపోతుందేమోనని టెన్షన్. అంత ధర పెట్టాక ఆ టెన్షన్ ఇంకా ఎక్కువ. రోబోగా నిలబెట్టి, అప్పుడప్పుడూ పోజు మార్చి, ఏడాదికోసారి ట్రక్కుగా మార్చేవాళ్ళకి ఇది కలల బొమ్మ. వారానికి నాలుగుసార్లు మార్చేవాళ్ళు ఎంపీ-10 దగ్గరే ఆగడం మంచిది.

సినిమా ఆప్టిమస్

2007 సినిమా రూపం ఇష్టమైనవాళ్ళు సినిమా రూపాలతో వచ్చే స్టూడియో సిరీస్ (ఎస్ఎస్) చూడాలి. 2018లో వచ్చిన ఎస్ఎస్-05 వాయేజర్ సైజు, సుమారు 16.5 సెంటీమీటర్లు. ఆ చిన్న ఒంట్లో అంత వివరం పట్టించడం గొప్ప పని. ట్రైలర్ కావాలంటే 2019 నాటి లీడర్ క్లాస్ ఎస్ఎస్-44 ఉంది. ఇంకా పైకి వెళ్ళాలంటే మాస్టర్‌పీస్ సినిమా వరసలో 2017లో వచ్చిన ఎంపీఎం-4.

సినిమా రూపంలో ఒక చిక్కుంది. తెర మీద వేల ముక్కలు విడిపోయి కలుస్తాయి, బొమ్మలో అది కుదరదు. అందువల్ల ఈ వరస బొమ్మల్లో చిన్న తొడుగులు, సన్నని పలకలు ఎక్కువ. కింద పడినప్పుడు ఊడేవి అవే. పెద్దపిల్లలకి ఫరవాలేదు, ఐదారేళ్ళవాళ్ళకి వద్దు. సినిమా చూసి మనసు పడ్డా, చదునైన ట్రక్కు రూపమే బాగుంటుందనుకునేవాళ్ళకి బంబుల్‌బీ సినిమా ఆధారంగా 2019లో వచ్చిన ఎస్ఎస్-38 మధ్యేమార్గం.

చిన్నపిల్లలకి

మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి రెస్క్యూ బాట్స్ వరస. లావుపాటి చేతులు, గుండ్రటి అంచులు, విడిగా ఊడే ముక్కలు లేవు, పట్టుకుని లాగితే రోబో. ఆరేళ్ళు దాటితే ఒక్క కదలికతో మారే వన్ స్టెప్ ఛేంజర్లు. పెద్దవాళ్ళకి ఇవి మొరటుగా కనబడొచ్చు. కానీ నాలుగేళ్ళ పిల్ల ఎవరి సాయం లేకుండా తనే మార్చి, అమ్మా చూడు అని పరిగెత్తుకొచ్చేది వీటితోనే. అదే పిల్లకి ఎర్త్‌రైజ్ ఇస్తే, ప్రతిసారీ నాన్నని పిలవాలి. రెండో రోజుకి ఆ బొమ్మ మంచం కింద ఉంటుంది.

లెగో, రోబోసెన్

లెగో 10302 సెట్ 2022లో వచ్చింది. 1,508 ముక్కలు, రోబోగా 35 సెంటీమీటర్ల ఎత్తు. ఒకసారి కట్టాక విప్పకుండానే ట్రక్కుగా మారుతుంది, లెగోలో అది చిన్న విషయం కాదు. ట్రైలర్ లేదు. డబ్బా మీద 18+ అని ఉంటుంది. కట్టడంలో ఉన్న ఆనందం కోసం కొనాలి. తర్వాత ఆడుకోవడానికైతే ముక్కలు ఊడుతుంటాయి.

రోబోసెన్ 2021లో తెచ్చిన ఆప్టిమస్ తనంతట తనే మారుతుంది. 27 సర్వో మోటార్లు, 5,000కి పైగా భాగాలు, సుమారు 48 సెంటీమీటర్ల ఎత్తు, నడుస్తుంది, కార్టూన్‌లో ఆప్టిమస్‌కి గొంతిచ్చిన పీటర్ కల్లెన్ గొంతుతో మాట్లాడుతుంది. ప్రకటించినప్పటి ధర 699 డాలర్లు. మొదటిసారి అది లేచి నిలబడటం చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది, అందులో సందేహం లేదు. అయితే ఇక్కడ మీ చేతికి పనిలేదు, మార్చాలని బలవంతం చేస్తే లోపలి గేర్లు దెబ్బతింటాయి. బ్యాటరీ, యాప్ ఉన్నంతకాలమే దాని ఆయుష్షు కూడా.

ఒక్క చూపులో

| వెర్షన్ | ఏడాది | మార్చడం | కదలిక | ట్రైలర్ |
|---|---|---|---|---|
| 1984 అచ్చు, రీఇష్యూ | 1984 | చాలా సులువు | చాలా తక్కువ | ఉంది |
| మిస్సింగ్ లింక్ సీ-01 | 2024 | సులువు | బాగుంది | ఉంది |
| ఎర్త్‌రైజ్ లీడర్ | 2020 | మధ్యస్థం | బాగుంది | ఉంది |
| ఎంపీ-10 | 2011 | కాస్త ఓపిక కావాలి | చాలా బాగుంది | ఉంది |
| ఎంపీ-44 | 2019 | కష్టం | అద్భుతం | ఉంది |
| ఎస్ఎస్-05 | 2018 | మధ్యస్థం కంటే ఎక్కువ | బాగుంది | లేదు |
| రెస్క్యూ బాట్స్ | – | ఒక్క లాగుడు | తక్కువ | అవసరం లేదు |
| లెగో 10302 | 2022 | మధ్యస్థం | బాగుంది | లేదు |

రెండిటి మధ్య ఊగిసలాడేవాళ్ళని నేను ఎక్కువగా చూసేది రెండు చోట్ల. ఎర్త్‌రైజా, ఎంపీ-10నా అన్నది మొదటిది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఎర్త్‌రైజ్. మిగిలిన మాస్టర్‌పీస్ బొమ్మలు కూడా కొనే ఉద్దేశం ఉంటే ఎంపీ-10. ఒక్క ఆప్టిమస్ చాలు, ఇంకేమీ కొననంటే మళ్ళీ ఎర్త్‌రైజే. మిగిలిన డబ్బు మీ దగ్గరే ఉంటుంది. ఎంపీ-10నా, మిస్సింగ్ లింకా అన్నది రెండోది. కార్టూన్ గుర్తుండిపోయినవాళ్ళకి ఎంపీ-10, బొమ్మ గుర్తుండిపోయినవాళ్ళకి మిస్సింగ్ లింక్.

మన దగ్గర కొనేటప్పుడు

బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70 శాతానికి పెరిగింది. ఇక్కడి షాపుల్లో జపాన్ బొమ్మల ధర చూసి బెదిరిపోవడానికి ఒక కారణం ఇది. డాలస్‌లో ఉన్న అన్నయ్యో, న్యూజెర్సీ పిన్నో సెలవులకి వస్తుంటే ఒక బొమ్మ తెమ్మని అడగడం మామూలే. అడిగేముందు డబ్బా కొలతలు చెప్పండి. ట్రైలర్ ఉన్న మాస్టర్‌పీస్ డబ్బా సూట్‌కేసులో సగం తినేస్తుంది. డబ్బా ముఖ్యం కాకపోతే, బొమ్మని దాని ప్లాస్టిక్ ట్రేతో సహా బట్టల మధ్య పెట్టి తెమ్మనండి.

14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్క్ తప్పనిసరి. చిన్నపిల్లల కోసం ఇక్కడి షాపులో కొంటుంటే ముందు అది చూడండి. మాస్టర్‌పీస్ అచ్చులకి, ముఖ్యంగా ఎంపీ-10కి నకిలీలు విపరీతంగా ఉన్నాయి. ధర అసలుదానిలో మూడో వంతు ఉంటే అది నకిలీ అనే అనుకోండి. కీళ్ళు కొన్ని వదులుగా, కొన్ని రాయిలా బిగుసుకుని ఉంటాయి. ఏ రంగు వాడారో మనకి తెలియదు కాబట్టి నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి నకిలీ అసలు ఇవ్వొద్దు.

సెకండ్ హ్యాండ్ అయితే అమ్మేవాళ్ళని నాలుగు ఫొటోలు అడగండి: ట్రక్కుగా పక్క నుంచి, రోబోగా ముందు నుంచి, ట్రైలర్ విప్పి, విడి ముక్కలన్నీ ఒక తెల్ల కాగితం మీద పేర్చి. 1984 అచ్చు అయితే ఆ కాగితం మీద రెండు పిడికిళ్ళు, తుపాకీ, రోలర్ ఉండాలి. ఎంపీ-10 అయితే మాట్రిక్స్, గొడ్డలి, స్పైక్, రోలర్. పొగ గొట్టాల చివర తెల్లటి గీత ఉంటే ఎప్పుడో వంగి విరగబోయిందన్నమాట. కిటికీ ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారి ఉంటే ఎండ తగిలే చోట ఉంచారని అర్థం. రెండు రూపాల ఫొటోలూ పంపలేనన్నవాళ్ళ దగ్గర కొనకండి. మార్చబోతే ఎక్కడో పట్టేసే కీలు అందులో ఉండే ఉంటుంది.